అక్కాతమ్ముళ్ల గొడవలో ఏఐని మధ్యవర్తిగా పెట్టుకోవచ్చా?

ఇల్లు పంచుకునే దగ్గర అక్కతో మాటలు ఆగిపోయాయని, ఇద్దరి వాట్సాప్ మెసేజ్‌లూ చాట్‌జీపీటీకి ఇచ్చి తప్పెవరిదో చెప్పమనొచ్చా అని మీరు అడిగారు. తప్పెవరిదో మాత్రం అడక్కండి. మిగతా వాటికి బాగానే పనికొస్తుంది. మా ఇంట్లో జరిగింది చెబుతాను.

అమ్మ తెనాలిలో పెద్దన్నయ్య దగ్గర ఉంటుంది. చిన్నన్నయ్య హైదరాబాద్ నుంచి డబ్బు పంపుతాడు. అమ్మ మోకాలి ఆపరేషన్ అయ్యాక చిన్నన్నయ్య ఫ్యామిలీ గ్రూపులో "బిల్లులన్నీ ఒకసారి పెట్టు" అని రాశాడు. ఆ ఒక్క ముక్కకే పెద్దన్నయ్య గ్రూపులోంచి వెళ్లిపోయాడు. "రాత్రిళ్లు లేచి అత్తయ్యను బాత్రూమ్‌కి తీసుకెళ్లేది మేము, లెక్కలడిగేది ఆయనా?" అంది వదిన. ఇద్దరికీ చెల్లెల్ని కాబట్టి ఫోన్లన్నీ నాకే.

ఇద్దరూ సరేనన్నాకే వాళ్లు చెప్పింది చెప్పినట్టు చాట్‌జీపీటీలో టైప్ చేశాను. పేర్లు, ఊళ్లు, ఆస్పత్రి వివరాలు తీసేశాను. ముందు చిన్నన్నయ్య మాటలొక్కటే ఇస్తే, లెక్క అడగడం సబబే అంది. కొత్త చాట్ తెరిచి పెద్దన్నయ్య మాటలొక్కటే ఇస్తే, ఆయన కోపం న్యాయమే అంది. ఎవరు చెబితే వాళ్ల వైపు ఒరిగిపోవడం వీటికున్న జబ్బు. 2025 ఏప్రిల్‌లో చాట్‌జీపీటీని తయారు చేసే ఓపెన్‌ఏఐ కంపెనీ, అందులో వాడే జీపీటీ-4ఓ అనే మోడల్‌కి ఇచ్చిన ఒక అప్‌డేట్‌ను, అది మరీ భజన చేస్తోందని, కొద్దిరోజులకే వెనక్కి తీసుకుంది కూడా. అందుకే మీ కథొక్కటే చెప్పి, వచ్చిన జవాబు అక్కకు స్క్రీన్‌షాట్ పంపారో, ఉన్న గొడవ రెట్టింపవుతుంది.

తర్వాత రెండూ కలిపి ఇచ్చి, "ఎవరిది ఒప్పో చెప్పొద్దు. ఒక్కొక్కరూ కోరుకుంటున్నదేంటి, అవతలివాళ్లు వినిపించుకోనిదేంటి?" అని అడిగాను. పెద్దవాడు లెక్క చెప్పనని ఎక్కడా అనలేదని, తను పడుతున్న కష్టాన్ని ఎవరైనా గుర్తించాలంటున్నాడని రాసింది. చిన్నవాడి మాటల్లో అనుమానం కంటే, నెలనెలా ఎంత పక్కన పెట్టాలో తెలియని టెన్షనే కనిపిస్తోందంది. మాకు తెలియని సంగతులేం కావు. కానీ ఆ రెండూ పక్కపక్కన పెట్టి చూసే ఓపిక అప్పుడు మా ఇంట్లో ఎవరికీ లేదు.

పెద్దన్నయ్యకు పంపడానికి ఒక మెసేజ్ కూడా రాసిచ్చింది: "మీరు అందిస్తున్న సేవలను మేము హృదయపూర్వకంగా అభినందిస్తున్నాము." సొంత అన్నకు ఇలా ఎవరు రాస్తారు? అది పక్కన పెట్టి ఫోన్ చేశాను. "పెద్దన్నయ్యా, వాడు నిన్ను నమ్మక కాదు, వచ్చే నెల ఎంత పంపాలో తెలీక అడిగాడు" అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఆ మాటేదో వాడే అనొచ్చుగా" అన్నాడు. చిన్నన్నయ్య ఆ ఆదివారం తెనాలి వచ్చి, ఆ మాట తనే అన్నాడు. ఇప్పుడు మందుల బిల్లులు వదినే ఫొటో తీసి గ్రూపులో పెడుతోంది.

మీది ఆస్తి సంగతి కాబట్టి ఇంకో మాట. వాటా ఎంత వస్తుందో ఏఐ చెప్పిందని పట్టుకోకండి, కాగితాలు లాయరుకు చూపించండి. ఇద్దరూ ఒక మాట మీదకొస్తే లోక్ అదాలత్‌లో రాజీ రాయించుకోవచ్చు. కోర్టు ఫీజు ఉండదు, అక్కడిచ్చే అవార్డుకు, అంటే తీర్పుకు, సివిల్ కోర్టు డిక్రీతో సమానమైన విలువ ఉంటుంది. గొడవలో కొట్టడం, బెదిరించడం ఉంటే మాత్రం ఈ రాజీ ప్రయత్నాలేవీ వద్దు. ఆడవాళ్లయితే మహిళా హెల్ప్‌లైన్ 181కి ఫోన్ చేయాలి.

ముందుగా మీ అక్క చివరి మెసేజ్ ఒక్కటి తీసుకుని, ఆవిడ తరఫున వాదించమని ఏఐని అడగండి. అది చదివాక కూడా ఆవిడతో మాట్లాడాలనిపిస్తే, టైప్ చేయకుండా నేరుగా ఫోన్ చేయండి.