వాళ్లే పని నేర్పించి తీసుకోవచ్చు కదా అన్నా?

కడప నుంచి ఒక తమ్ముడు అడిగిన సందేహం ఇది. "అన్నా, ఐటీఐ ఫిట్టర్ చేసినా. కువైట్ ఇంటర్వ్యూకు పోతే ఐదేండ్ల ఎక్స్‌పీరియన్స్ అడుగుతాండారు. పనిలో పెట్టుకుంటేనే కదా ఎక్స్‌పీరియన్స్ వచ్చేది? వాళ్లే ఒక నెల నేర్పించుకుంటే ఏం పోతుంది?"

డబ్బు పోతుంది తమ్ముడూ. ఏజెంటు లెక్క ఒకసారి చూడు. కంపెనీ వీసా తీస్తుంది, టికెట్ ఇస్తుంది. మనిషి దిగాక మెడికల్, వేలిముద్రలు, అకామా (అక్కడ ఉండటానికిచ్చే పర్మిట్), సివిల్ ఐడీ (గుర్తింపు కార్డు) అన్నీ చేయించాలి. ఇంత అయ్యాక ఆ మనిషికి డ్రాయింగ్ చదవడం రాదని తేలితే ఆ ఖర్చు ఎవరి నెత్తిన పడుతుంది? 2010 నాటి కార్మిక చట్టం ప్రకారం ఇక్కడ కువైట్‌లో 100 పనిదినాల దాకా ప్రొబేషన్ పెట్టుకోవచ్చు. ఆలోపు మనిషిని వెనక్కి పంపితే, ఇంకొకరిని నీ ఖర్చుతో తెచ్చివ్వమని కంపెనీ ఏజెంటు మెడ మీద కూర్చుంటుంది. ఇంటి పనివాళ్లకైతే ఈ మాట చట్టంలోనే ఉంది. 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం కింద, పనివాళ్లను తెచ్చిన ఆఫీసు ఆరు నెలలు పూచీ పడాలి, కుదరకపోతే సేటు (పనిలో పెట్టుకున్న యజమాని) కట్టిన డబ్బు తిరిగివ్వాలి. మిక్సీకి గ్యారంటీ కార్డు ఇచ్చినట్టు మనుషులకు ఇవ్వడమేంటని నాకూ ఒళ్లు మండుతుంది. కానీ ఏజెంటు ఎందుకంత జల్లెడ పడతాడో తెలియాలంటే ఈ లెక్క తెలియాల్సిందే.

ఇంకొక సంగతి. ఎర్రగుంట్లలో సిమెంటు ఫ్యాక్టరీ షట్‌డౌన్ చూసే ఉంటావు, రిపేర్ల కోసం ప్లాంటు మొత్తం ఆపేస్తారే, అది. కిల్న్ (సిమెంటు కాల్చే పెద్ద కొలిమి) ఆపిన గంట నుంచి మేనేజర్లకు నిద్ర ఉండదు, మళ్లీ ఎప్పుడు వెలిగిస్తారనేదే టెన్షన్. ఇక్కడ మీనా అల్ అహ్మదీ, మీనా అబ్దుల్లా రిఫైనరీల్లో షట్‌డౌన్ కూడా అంతే, కాకపోతే ఇంకా పెద్దది. కాంట్రాక్టరు ఇన్ని రోజుల్లో అప్పజెప్తానని రాసిచ్చి ఉంటాడు, ఆలస్యమైతే బిల్లులో కోత పడుతుంది. ఆ హడావుడిలో నీకు ఫ్లాంజ్ (పైపులను కలిపే అంచు) బోల్టులు ఏ వరుసలో బిగించాలో నేర్పే తీరిక ఎవరికీ ఉండదు. పైగా ఆ లైన్లలో హైడ్రోజన్ సల్ఫైడ్ అనే విషవాయువు ఉండొచ్చు. అది ఎక్కువ మోతాదులో పీలిస్తే మనిషి అక్కడికక్కడే పడిపోతాడు. నేర్చుకునేవాడి పొరపాటుకు పక్కవాడి ప్రాణం పోతుంది.

మన దగ్గర ఫ్రెషర్లను తీసుకుని నేర్పే కంపెనీలు లేవా అంటే, ఉన్నాయి. ఇన్ఫోసిస్ మైసూరులో క్యాంపస్ కట్టి మరీ నేర్పుతోంది. వాళ్లు ఆ ఖర్చును మెల్లగా, ఏండ్ల మీద రాబట్టుకుంటారు. గల్ఫ్ అగ్రిమెంటు చాలాసార్లు రెండేండ్లే. అదీగాక నువ్వు కాకపోతే నేపాల్ వాడు, బంగ్లాదేశ్ వాడు, ఈజిప్టు వాడు లైన్లో నిలబడి ఉన్నారు. నేర్పే భారం మొత్తం మన ఇండ్ల మీదికి తోసేశారనేది నిజం, అది న్యాయమని నేననను.

అయితే ఐదేండ్లు అని రాసిన ప్రతిచోటా ఐదేండ్లే కావాలని భయపడొద్దు. వచ్చే దరఖాస్తులను తగ్గించుకోవడానికి కూడా అట్లా రాస్తారు. తేల్చేది ట్రేడ్ టెస్టు. చెన్నైలోనో ముంబైలోనో వెల్డర్‌కు 6జీ టెస్టు పెడితే పైపును 45 డిగ్రీల వాలులో బిగిస్తారు, దాన్ని తిప్పకూడదు, నువ్వే దాని చుట్టూ తిరగాలి. కంపెనీ మనిషి నువ్వు ఆర్క్ కొట్టకముందే చూడటం మొదలుపెడతాడు: అంచులు ఎట్లా గ్రైండ్ చేశావు, రెండు ముక్కల మధ్య సందు అంతటా సమానంగా ఉందా, టాక్ (ముక్కలు కదలకుండా వేసే చిన్న వెల్డు) ఎక్కడ పెట్టావు అని. రూట్ (అడుగున వేసే మొదటి వెల్డు పొర) అయ్యాక పైపు లోపలికి టార్చి కొట్టి చూస్తాడు. పైన ఎంత అందంగా క్యాప్ (చివరి పొర) వేసినా లోపల రూట్ సరిగా దిగకపోతే అయిపోయినట్టే. మీ ఫిట్టర్లకు ఐసోమెట్రిక్ డ్రాయింగ్ (పైపు లైను మూడు దిక్కుల్లో ఎట్లా పోతుందో చూపే బొమ్మ) ఇచ్చి పైపు కొలతలు తీయమంటారు. డబ్బులిచ్చి కొన్న ఎక్స్‌పీరియన్స్ లెటర్ ఆ బల్ల దగ్గర ఎందుకూ పనికిరాదు.

అందుకని నేను చెప్పేది, ముందు అప్రెంటిస్‌షిప్ చూసుకో. అది దొరకకపోతే ఎర్రగుంట్ల ఫ్యాక్టరీల్లో, ముద్దనూరు దగ్గర ఆర్టీపీపీ కరెంటు ప్లాంటులో షట్‌డౌన్ పనులు చేసే కాంట్రాక్టర్ల దగ్గర హెల్పర్‌గా చేరు. కూలి తక్కువే. కానీ మంచి ఫోర్‌మన్ దొరికితే రెండు మూడు షట్‌డౌన్లలో చేతికి పని వచ్చేస్తుంది. పీఎఫ్ కట్టే కాంట్రాక్టరును వెతుక్కో, ఆ రికార్డే రేపు నీ ఎక్స్‌పీరియన్స్‌కు సాక్ష్యం.

ఎవరో మామ "ముందు ఖాదిం వీసా (ఇంటి పనివాళ్ల వీసా) మీద వచ్చేయ్, తర్వాత కంపెనీకి మారొచ్చు" అంటాడు. ఆ మాట నమ్మొద్దు. 20 నంబరు (ఇంటి పని) వీసా నుంచి 18 నంబరు (కంపెనీ) వీసాకు మారే తలుపు ఎప్పుడూ తెరిచి ఉండదు. 2024లో తెరిచినా జూలై మధ్య నుంచి సెప్టెంబరు మధ్య దాకానే. సేటు ఇంట్లో కాకుండా బయట పని చేస్తూ దొరికితే నేరుగా ఇండియాకే పంపిస్తారు, మళ్లీ రానివ్వరు. ఎక్కడైనా పని చేసుకోవచ్చని చెప్పి అమ్మే ఆజాద్ వీసా పేరుతో లక్షలు అడిగేవాడికి రూపాయి కూడా ఇవ్వొద్దు. లైసెన్సున్న ఏజెంటు తీసుకోదగిన సర్వీస్ ఛార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ, అంతే. లైసెన్సు ఉందో లేదో మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ పోర్టల్‌లో చూసుకోవచ్చు.

టెస్టుకు పిలుపు వస్తే ఒకరోజు ముందే చెన్నై చేరుకుని నిద్రపో. రాత్రంతా జనరల్ బోగీలో నిలబడిపోయి పొద్దున్నే కొలతలు తీయాలంటే చేతులు వణుకుతాయి. నీ సేఫ్టీ షూస్, నీకు అలవాటైన టేపు నువ్వే తీసుకుపో.