ఫ్యాను మోటారుకు అప్పుడే డబ్బు కట్టకు, అల్లుడూ

నల్గొండ

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

నిన్న రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. జడ్చర్ల దాటేదాకా మంచిగా పోయిన కారు, షాద్‌నగర్ ఊళ్ళోకి మలిపి ట్రాఫిక్‌లో ఆగేసరికి టెంపరేచర్ ముల్లు ఎర్ర గీత దాకా పోయిందట. ఫ్యాను తిరగడం లేదట. కొత్త మోటారే వెయ్యాలని, అది రావడానికి నెల పడుతుందని మెకానిక్ చెప్పాడట. నువ్వు రెండు రోజుల నుంచి సరిగ్గా తినడం లేదని కూడా చెప్పింది. ఆ రెండు సీట్ల కారంటే నీకు ఎంత ప్రాణమో నాకు తెలుసు. మన ఇంటి ముందు ఆపిన రోజు దాని బోనెట్ మీద దుమ్ము నీ తువ్వాలుతోనే తుడిచావు. అందుకే ఫోన్‌లో కాకుండా, దగ్గర పెట్టుకుని చూసుకుంటావని రాస్తున్నాను.

మీ అమ్మ చెప్పిన లక్షణంలోనే సగం జవాబు ఉంది. రోడ్డు మీద 80లో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లబరుస్తుంది, అప్పుడు ఫ్యానుతో పని లేదు. ఆగినప్పుడే ఫ్యాను కావాలి. ఆగితే వేడెక్కి, కదిలితే దిగుతున్నదంటే తప్పు ఫ్యాను వైపే ఉంది. హైవే మీద కూడా ముల్లు ఎక్కుతుంటే అది వేరే కథ: ఇంజిన్‌ను చల్లబరిచే కూలెంట్ తగ్గడమో, దాన్ని రేడియేటర్‌లోకి వదిలే థర్మోస్టాట్ వాల్వు పట్టేయడమో, రేడియేటర్ లోపల పూడిపోవడమో, వాటర్ పంపో. నీకు ఆ బాధ లేదు.

పని మొదలుపెట్టే ముందు రెండు మాటలు. ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ మూత ముట్టుకోకు. లోపల ప్రెషర్ ఉంటుంది కాబట్టి నీళ్ళు 100 డిగ్రీలు దాటినా మరగకుండా ఆగి ఉంటాయి, మూత తిప్పగానే ఒక్కసారిగా మొహం మీదికి ఎగజిమ్ముతాయి. రెండోది, తాళం తీసేసినా కొన్ని కార్లలో ఫ్యాను తనంతట తాను తిరగడం మొదలుపెడుతుంది. రెక్కల దగ్గర చెయ్యి పెట్టాలంటే ముందు బ్యాటరీ మైనస్ తీసెయ్యి. మెడలో తువ్వాలు ఉంచుకోకు.

ఇంజిన్ స్టార్ట్ చేసి ఏసీ వేసి చూడు. నీ కారుకు ఉన్నది ఒక్కటే ఫ్యాను, ఏసీ వేయగానే అది తిరగాలి. తిరిగితే మోటారు మంచిదే, తప్పును థర్మో స్విచ్ దగ్గర, అంటే ఇంజిన్ వేడెక్కగానే ఫ్యానును తిప్పే స్విచ్ దగ్గర వెతుక్కోవాలి. తిరగకపోతే ఫ్యూజ్ చూడు. కంటితో చూసి బాగుందనుకోకు, రెండు కాళ్ళ దగ్గరా టెస్ట్ ల్యాంప్ పెట్టు, రెండు చోట్లా వెలగాలి. కాలిపోయి ఉంటే అదే ఆంపియర్ల ఫ్యూజే వెయ్యి. దాని బదులు రాగి తీగ చుట్టిన బండ్లు ఎన్నో చూశాను, ఆ తీగ బతికి వైరింగ్ మొత్తం కాలిపోతుంది. ఆ తర్వాత రిలే, అంటే ఫ్యానుకు కరెంటు కలిపే చిన్న డబ్బీ స్విచ్. హారన్ రిలే కూడా అదే నంబరుదైతే రెండూ మార్చి చూడు, నిమిషం పని. రిలే తీసినప్పుడు కింద సాకెట్‌లోకి టార్చి వేసి చూడు. ఏ పిన్ను చుట్టూ అయినా ప్లాస్టిక్ గోధుమ రంగుకు మారిందంటే అక్కడ వదులుగా ఉండి వేడెక్కుతున్నట్టు.

ఇవన్నీ బాగుంటే మోటారు కప్లర్, అంటే వైర్ల ప్లగ్గు విప్పి, బ్యాటరీ నుంచి రెండు లావు వైర్లు, మధ్యలో ఒక ఫ్యూజ్ పెట్టి నేరుగా మోటారుకు ఇవ్వు. గట్టిగా తిరిగిందా, ఇక మోటారు మాట మర్చిపో. తిరగకపోతే స్క్రూడ్రైవర్ చెక్క పిడితో మోటారు ఒంటి మీద చిన్నగా తట్టు. తట్టగానే తిరిగితే లోపల కరెంటు అందించే కార్బన్ ముక్కలు అరిగిపోయాయి. మోటారు వైండింగ్ చేసే షాపులో అడిగితే సరిపోయేవి చూసి వేస్తారు, నెల రోజులు ఆగక్కర్లేదు.

నా అనుమానం మాత్రం మోటారు మీద లేదు, ఎర్త్ మీద, అంటే కరెంటు బ్యాటరీ మైనస్‌కు తిరిగిపోయే దారి మీద ఉంది. నీ కారుది ఫైబర్ బాడీ. రేకు బాడీ కార్లలో కరెంటు బాడీ గుండానే బ్యాటరీకి తిరిగి పోతుంది. ఫైబర్‌లో కరెంటు పోదు. ప్రతి లైటుకీ ప్రతి మోటారుకీ ఎర్త్ వైరు విడిగా వెనక్కి పోవాల్సిందే. ఆ వైరు చివర ఉంగరానికి పచ్చటి చిలుము పట్టినా, లోపల పోగులు తెగినా పైకి ఏమీ కనిపించదు.

ఇక్కడ నేను చేసిన తప్పు నీకు చెప్పాలి. చాలా ఏళ్ళ కిందట ఇలాంటి ఫైబర్ బాడీ కారే నా షెడ్‌కు వచ్చింది. కప్లర్ దగ్గర మీటరు పెడితే 12 వోల్టులు చూపించింది. కరెంటు వస్తోంది, ఫ్యాను తిరగట్లేదు, కాబట్టి మోటారే పోయిందని కొత్తది వేశాను. వైర్లు కదిపినందుకు ఎర్త్ కాస్త తగిలి రెండు రోజులు నడిచింది. మూడో రోజు సంక్రాంతి రద్దీలో విజయవాడ హైవే మీది పంతంగి టోల్‌గేట్ క్యూలో ఆ కారు ఆవిరి కక్కుతూ ఆగిపోయింది. లోపల చంటిపిల్ల ఉంది. పాపకు ఏమీ కాలేదు కానీ ఇంజిన్ హెడ్ కింద సీలులా ఉండే హెడ్ గ్యాస్కెట్ పోయింది. ఆ ఖర్చంతా నేనే పెట్టుకున్నాను, అయినా ఆ తల్లి మొహం ఇప్పటికీ నా కళ్ళ ముందే ఉంటుంది.

మీటరు అబద్ధం చెప్పలేదు, నేనే దాన్ని తప్పు ప్రశ్న అడిగాను. మీటరు లాగే కరెంటు దాదాపు ఏమీ ఉండదు కాబట్టి ఒక్క రాగి పోగు మిగిలి ఉన్నా 12 చూపిస్తుంది. ఫ్యానుకు పది, పదిహేను ఆంపియర్లు కావాలి. నల్లాలో సన్నటి ధార వచ్చినా చెంబు నిండుతుంది, అదే ధారతో మడి తడుస్తుందా?

అందుకే ఒక పాత హెడ్‌లైట్ బల్బుకు రెండు వైర్లు కట్టి పెట్టుకో. 55 వాట్లది నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది. ఏసీ వేసి ఉంచి, మోటారు విప్పిన కప్లర్‌కు ఈ బల్బు తగిలించు. తెల్లగా వెలిగితే కరెంటు బాగానే వస్తోంది, కప్లర్ పిన్నులు వదులయ్యాయేమో చూడు. ఎర్రగా మినుకుమంటే దాని ఎర్త్ కాలు తీసి నేరుగా బ్యాటరీ మైనస్‌కు పెట్టు. అప్పుడు వెలుగు పెరిగితే ఎర్తే దొంగ. పెరగకపోతే తప్పు ప్లస్ వైపు ఉంది, మళ్ళీ ఫ్యూజ్ హోల్డరూ రిలే సాకెట్టూ చూసుకో.

ఎర్త్ అని తేలితే పాత వైరును సాగదీసి బిగించకు. 4 చదరపు మిల్లీమీటర్ల కొత్త రాగి వైరు ఫ్యాను నుంచి బ్యాటరీ మైనస్ దాకా వెయ్యి. చివర ఉంగరాన్ని నొక్కి క్రింప్ చేసి, తగిలే చోటును ఎమరీ పేపర్‌తో మెరిసేదాకా రుద్ది, బోల్టు బిగించాక పైన వ్యాజిలిన్ రాయి. ఫ్యాను తిరుగుతుండగా మోటారు ఎర్త్‌కూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మీటరు పెడితే అర వోల్టు లోపే ఉండాలి.

ఏసీతో తిరిగి, వేడికి మాత్రం తిరగకపోతే థర్మో స్విచ్ వైర్లు రెండూ కలిపి చూడు. ఫ్యాను తిరిగితే స్విచ్ పోయిందనుకుంటాం, కానీ కొత్తది కొనే ముందు గాలి సంగతి చూడు. ఈ కార్ల ముక్కు కిందికి ఉంటుంది, కూలెంట్ నింపేటప్పుడు లోపల గాలి నిలిచిపోతుంది. స్విచ్ ఆ గాలిలో ఉంటే ఇంజిన్ మరుగుతున్నా దానికి తెలియదు. ముందు చక్రాలు ఎత్తు మీద పెట్టి, ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు మూత తీసి, హీటర్ ఫుల్‌లో పెట్టి, బుడగలు ఆగేదాకా నింపు. బోరు నీళ్ళు మాత్రం పొయ్యకు. మన వైపు నీళ్ళు కాచిన గిన్నెకు ఎంత తెల్లటి పొర కడుతుందో మీ అమ్మను అడుగు. కూలెంట్, డిస్టిల్డ్ వాటర్, అంతే.

ఎవరైనా ఎండాకాలం కదా, థర్మోస్టాట్ తీసేద్దాం అంటే ఒప్పుకోకు. దానితో ఫ్యాను బాగుపడదు.

పని అయ్యాక ఫ్యాను తిరుగుతుండగా ముందు జాలీకి ఒక కాగితం ఆనించు. అంటుకుని నిలవాలి. ఎగిరిపోతే వైర్లు తారుమారై ఫ్యాను ఉల్టా తిరుగుతున్నట్టు. పత్తి లారీల వెనకాల తిరిగిన బండి కదా, ఏసీ కండెన్సర్‌కూ రేడియేటర్‌కూ మధ్య దూది చేరి ఉంటుంది, సన్నటి ధారతో వెనక నుంచి ముందుకు కడుగు.

ఇదంతా ఆదివారం పొద్దున ఎండ ముదరకముందు రెండు గంటల పని. మీటరు చూపించిన అంకెలు ఒక కాగితం మీద రాసుకుని నాకు ఫోన్ చెయ్యి, భోజనం అయ్యాక కాదు, ముందే. అప్పటిదాకా కారును ఊళ్ళోకి తియ్యకు. అర్జెంటుగా తియ్యాల్సి వస్తే ముల్లు కదలగానే హీటర్ ఫుల్‌లో పెట్టి పక్కకు ఆపెయ్యి. అత్తమ్మ నీకోసం సకినాలు తీసి పెట్టింది, కారు బాగయ్యాక దానిలోనే వచ్చి తీసుకుపో.

మీ మామ