దిగులు వేళ చూడదగ్గ చిత్రాలు

ప్రశ్న: మనసు బాగా లేనప్పుడు హాస్య చిత్రాలు చూడమని అందరూ అంటారు. నాకు మాత్రం దిగులు నిండిన చిత్రాలే చూడాలనిపిస్తుంది. ఏవి చూడమంటారు?

జవాబు: బాధలో ఉన్నవారికి ఇతరుల నవ్వులు ఒక్కోసారి మరింత ఒంటరితనాన్నే కలిగిస్తాయి కనుక, మీ కోరికలో తప్పేమీ లేదు. అయితే దిగులు రెండు వారాలు దాటి నిద్రను, ఆకలిని దెబ్బతీస్తుంటే సినిమాలతో సరిపెట్టుకోక వైద్యులను సంప్రదించండి.

నా మొదటి ఎంపిక జపాన్ దర్శకుడు అకిరా కురొసావా 1952లో తీసిన ‘ఇకిరు’. కడుపు క్యాన్సర్‌తో ఎక్కువ కాలం బతకనని తెలుసుకున్న ఒక పురపాలక ఉద్యోగి, ఏళ్ల తరబడి కాగితాల మీద ముద్రలు వేయడం తప్ప తాను చేసిందేమీ లేదని గ్రహించి, మురుగు నిలిచే స్థలంలో పిల్లల ఆటస్థలం కట్టించడానికి పూనుకుంటాడు. మంచు కురుస్తుండగా ఆయన ఊయలలో కూర్చుని పాడుకునే ఘట్టం కన్నీళ్లు తెప్పిస్తుంది గానీ నిరాశపరచదు. కథానాయకుడి మరణాన్ని ముగింపుకు చాలా ముందే చెప్పేసి, మిగిలిన కథను సంతాపానికి వచ్చిన తోటి ఉద్యోగుల మాటల్లో నడిపించడం వల్లనే చిత్రం అతిశోకంలోకి జారలేదని నా అభిప్రాయం.

మరో జపాన్ దర్శకుడు యసుజిరో ఓజు 1953లో తీసిన ‘టోక్యో స్టోరీ’లో వృద్ధ దంపతులను చూసుకోవడానికి కన్నపిల్లలకు తీరిక ఉండదు, యుద్ధంలో భర్తను పోగొట్టుకున్న కోడలే వారిని ఆదరిస్తుంది. ఇటీవలే తల్లినో తండ్రినో కోల్పోయినవారు దీన్ని కొంతకాలం వాయిదా వేసుకోవడం మేలు. ఇంత బరువు వద్దనుకుంటే, అదే ఏడాది వచ్చిన ‘రోమన్ హాలిడే’ చూడండి. రాకుమారి, విలేకరి విడిపోక తప్పకపోయినా, వారు గడిపిన రోజులోని ఉల్లాసం మాత్రం చెక్కుచెదరదు.