ఓడిపోతున్న టీమ్ టికెట్లు: ఆగాలా, అమ్మేయాలా?

అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక టీమ్ సీజన్ టికెట్లు, అంటే దాని సొంత స్టేడియంలో జరిగే మ్యాచ్‌లన్నిటికీ కలిపి అమ్మే టికెట్లు కొన్నారు, టీమ్ వరసగా ఓడుతోంది, కొన్న ధరలో సగానికి పెట్టినా అడిగేవాళ్లు లేరు, ఇంకొన్నాళ్లు ఆగితే రేటు లేస్తుందా అని కదా మీరు అడిగింది. లేవదు. వచ్చిన రేటుకి ఇచ్చేయండి, ఒక్క రకం మ్యాచ్‌లు తప్ప.

నేనూ నా ఫ్రెండూ కలిసి కొన్నేళ్లుగా ఒక టీమ్ సీజన్ టికెట్లు ఉంచుకున్నాం. టీమ్ పేరు చెప్పను, దాని అభిమానులకు ఉన్న బాధ చాలు. వెళ్లడం కుదరని మ్యాచ్‌లు రీసేల్‌లో పెడతాం. గెలిచిన సీజన్లూ చూశాం, ఓడినవీ చూశాం. రెండో రకమే ఎక్కువ.

జనానికి ఆసక్తి పోయింది కాబట్టి ధర పడింది అంటారు. అది సగం కారణమే. గెలుస్తున్నప్పుడు సీజన్ టికెట్ ఉన్నవాళ్లు తామే స్టేడియంకి వెళ్తారు, అమ్మకానికి వచ్చేవి తక్కువ. ఓటములు మొదలయ్యాక వాళ్లే ఆదివారం ఇంట్లో టీవీ చాలనుకుని టికెట్లు సైట్‌లో పెట్టేస్తారు. అంటే కొనేవాళ్లు తగ్గిన వారమే అమ్మేవాళ్లు పెరుగుతారు. మీ వరసకి ముందూ వెనకా ఉన్న సీట్లన్నీ అక్కడే కనిపిస్తాయి. ఒకరు ఐదు డాలర్లు తగ్గిస్తే పక్కవాళ్లు ఇంకో ఐదు తగ్గిస్తారు. ఆట మొదలయ్యాక ఆ టికెట్‌కి విలువే లేదు, అందుకే చివరి రోజు బేరం సంత ముగిసే వేళ ఆకుకూర బేరంలా ఉంటుంది. ఆఖరి నిమిషం దాకా ఆగమనే సలహా గెలిచే టీమ్‌కి ఒక్కోసారి పనిచేస్తుంది. ఓడే టీమ్‌కి పనిచేయగా నేనైతే చూడలేదు.

ఆగదగ్గ మ్యాచ్‌లు ఏవంటే, బయటి ఊళ్ల నుంచి కూడా అభిమానులు దిగే టీమ్‌లు వచ్చేవి. కౌబాయ్స్, స్టీలర్స్, ప్యాకర్స్ లాంటివి. అలాంటి మ్యాచ్ టికెట్ కొనేది మీ టీమ్ అభిమాని కాదు, కాబట్టి మీ టీమ్ ఎంత ఘోరంగా ఆడుతున్నా వాళ్లకి పట్టదు. ఒక డిసెంబరులో మా సెక్షన్ అంతా అవతలి టీమ్ జెర్సీలే. ఒళ్లు మండింది, కానీ ఆ సీజన్‌లో మాకు కొన్న ధర తిరిగొచ్చింది ఆ ఒక్క మ్యాచ్‌కే.

వచ్చే ఏడాదికైతే, షెడ్యూల్ మే నెలలో వస్తుంది. అప్పటి నుంచి సెప్టెంబరులో సీజన్ మొదలయ్యే లోపల, మీరు ఎలాగూ వెళ్లని మ్యాచ్‌లు అమ్మేయండి. ఆ నెలల్లో ప్రతి టీమూ ఛాంపియనే, కొనేవాళ్లు ఆశకి డబ్బులిస్తారు. ఆ ఆశ ఎంత త్వరగా పోతుందో జెట్స్ అభిమానుల్ని అడగండి. 2023 సెప్టెంబరు 11న, వాళ్లు ఆశలన్నీ పెట్టుకున్న కొత్త క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ఆరన్ రాడ్జర్స్ వాళ్ల తరఫున నాలుగంటే నాలుగు ప్లేలు, అంటే నాలుగు విడతల ఆట ఆడి, మడమ వెనక స్నాయువు తెగి సీజన్ మొత్తానికీ దూరమయ్యాడు. ఆ మ్యాచ్ జెట్స్ గెలిచారు కూడా. చివరికి సీజన్ మాత్రం 7 గెలుపులు, 10 ఓటములతో ముగిసింది.

ప్రీసీజన్, అంటే సీజన్‌కి ముందు ఆడే సన్నాహక మ్యాచ్ టికెట్ గురించి బెంగపడకండి, అది గాలికి పోయినట్టే లెక్క. రాత్రి మ్యాచ్ అని ఎక్కువ రేటు పెట్టుకుంటే, ఓడే టీమ్ ఆదివారం రాత్రి మ్యాచ్‌ని లీగ్ మధ్యాహ్నానికి మార్చేయవచ్చని కూడా గుర్తుంచుకోండి. రెండు సీట్లుంటే విడదీయకుండా జంటగానే అమ్మండి, ఒంటరి సీటు ఓడే సీజన్‌లో కదలదు. రేటు పెట్టేటప్పుడు కమిషన్ పోగా చేతికెంత వస్తుందో చూడండి. 2025 మే నుంచి అమెరికాలో సైట్లు ఫీజులతో కలిపిన మొత్తం ధరే ముందు చూపించాలి, కాబట్టి మీరు తక్కువకే పెట్టినా కొనేవాళ్ల కంటికి అంత తక్కువగా కనబడదు.

అసలు ఆలోచించాల్సింది రెన్యువల్ దగ్గర. మీ సీటుకి పీఎస్‌ఎల్, అంటే ఆ సీటు టికెట్లు కొనే హక్కుకి విడిగా కట్టే డబ్బు ఉంటే, సీజన్ టికెట్ మానేస్తే మామూలుగా ఆ హక్కూ పోతుంది. దాన్ని వేరేవాళ్లకి అమ్ముదామంటే దాని రేటు కూడా టీమ్‌తో పాటే పడుంటుంది. పీఎస్‌ఎల్ లేకపోతే నేనైతే ఒక ఏడాది మానేసి, కావాల్సిన మ్యాచ్‌లు రీసేల్‌లో కొనుక్కుంటాను. ఇప్పుడు మిమ్మల్ని ఏడిపిస్తున్న రేట్లే అప్పుడు మీకు కలిసొస్తాయి.

సీజన్ చివర్లో అసలు పోని టికెట్లు తెలిసినవాళ్ల పిల్లలకి ఇచ్చేయండి. అప్పటికి సొంత అభిమానుల్లోనే సగం మంది ఓడితే డ్రాఫ్ట్‌లో, అంటే టీమ్‌లు కొత్త ఆటగాళ్లని వంతులవారీగా ఎంచుకునే చోట, ముందు వంతు వస్తుందని లెక్కలేస్తుంటారు. క్లీవ్‌లాండ్ బ్రౌన్స్ 2017లో 16కి 16 ఓడినప్పుడు, అభిమానులు జనవరి చలిలో స్టేడియం చుట్టూ ‘పర్‌ఫెక్ట్ సీజన్’ అని ఊరేగింపు తీశారు. దానికి టికెట్ కూడా లేదు.