చిన్న బంగారం షాపు వాళ్ళకు రివాల్వర్ లైసెన్స్ ఇస్తారా? ఇస్తే నడుముకు పెట్టుకుని తిరగొచ్చా?

ఇస్తారు, కానీ అడిగిన ప్రతి ఒక్కరికీ ఇవ్వరు. తిరగొచ్చు, కానీ ఎక్కడికి పడితే అక్కడికి కాదు. కూకట్‌పల్లిలో చిన్న బంగారం షాపు ఉందని, పక్క వీధిలో ఒక షాపు దోచుకున్నాక రాత్రి షట్టర్ దించి ఇంటికి వెళ్ళాలంటే టెన్షన్‌గా ఉందని, డల్లాస్‌లో ఉన్న మీ బావమరిది "నేను వెళ్ళి కొనేసుకున్నా, నువ్వూ ఒకటి తీసుకో" అంటున్నాడని మీరు రాశారు. నేను లాయర్‌ని కాదు. మాకు సిటీ శివార్లలో పెట్రోల్ బంక్ ఉంది, నాన్న దగ్గరుండే .32 రివాల్వర్ ఆయన పోయాక నా లైసెన్స్ మీదికి వచ్చింది. నాకు తెలిసింది ఆ దారిలో తెలిసిందే.

ముందు డల్లాస్ సంగతి తేల్చేద్దాం, ఎందుకంటే మనవాళ్ళలో సగం అయోమయం అక్కడి నుంచే వస్తోంది. అమెరికాలో ఆయుధం ఉంచుకోవడం రాజ్యాంగం రెండో సవరణ ఇచ్చిన హక్కు. షాపుకు వెళ్ళి 4473 అనే ఫారం నింపితే, పేరు మీద నేరచరిత్ర ఉందేమో కంప్యూటర్‌లో చూసి, ఏమీ లేకపోతే ఇచ్చేస్తారు. టెక్సస్‌లో 2021 సెప్టెంబర్ 1 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళు, చట్టం అడ్డు చెప్పనివాళ్ళయితే, పర్మిట్ కూడా లేకుండా పిస్టల్ చొక్కా కింద పెట్టుకుని తిరగొచ్చు. అయితే అక్కడ కూడా హెచ్1బీ లాంటి వీసా మీద ఉన్నవాళ్ళు తుపాకీ ఉంచుకోవడాన్ని ఫెడరల్ చట్టం మామూలుగా ఒప్పుకోదు, వేట లైసెన్స్ లాంటి కొద్ది మినహాయింపులు ఉంటే తప్ప. గ్రీన్ కార్డు ఉంటే ఆ అడ్డంకి లేదు. మీ బావమరిది ఏ స్టేటస్‌లో ఉన్నాడో తప్పకుండా అడగండి, ఈ సంగతి తెలియక ఇబ్బందుల్లో పడితే వీసాకే ఎసరు.

మన దగ్గర అది హక్కు కాదు, ప్రభుత్వం నమ్మి ఇచ్చే అనుమతి. లైసెన్స్ లేని తుపాకుల విషయాన్ని 2023లో పట్టించుకున్నప్పుడు సుప్రీంకోర్టు కూడా ఈ తేడానే చెప్పింది. 1959 నాటి ఆయుధాల చట్టం, 2016 నాటి ఆయుధాల నియమాలు, ఈ రెండింటి మీదే అంతా నడుస్తుంది. 21 ఏళ్ళు నిండాలి, మీకు ఎందుకు అవసరమో చూపించాలి, మీ మీద కేసులేమీ లేవని పోలీసులు చెప్పాలి. అధికారం సిటీలో పోలీస్ కమిషనర్‌ది, కమిషనరేట్ లేని జిల్లాల్లో కలెక్టర్‌ది. కాబట్టి మీ ఇల్లు ఏ కమిషనరేట్ కిందికి వస్తుందో ముందు చూసుకోండి.

ఏ తుపాకీ అన్నదానికి కూడా హద్దుంది. సినిమాల్లో హీరోలు తిప్పే 9 ఎంఎం పిస్టల్ మామూలు జనానికి నిషిద్ధ బోరు (బోరు అంటే తుపాకీ గొట్టం లోపలి వెడల్పు), దానికి కేంద్ర హోంశాఖ దాకా వెళ్ళాలి, షాపు పెట్టుకున్నానంటే ఇవ్వరు. మీకు నాకు మామూలుగా దొరికేది .32 రివాల్వర్ లేదా పిస్టల్, లేదంటే 12 బోర్ తుపాకీ. విదేశీవి దిగుమతి చేసుకోవడం 1980లలోనే ఆగిపోయింది, అందుకే పాత విదేశీ రివాల్వర్ ఎవరైనా అమ్ముతుంటే ధర వింటేనే కళ్ళు తిరుగుతాయి. ఎక్కువమంది కొనేది కాన్పూర్ సర్కారు ఫ్యాక్టరీది, నాన్న కొన్నదీ అదే. ఒకప్పుడు ఒక మనిషికి మూడు తుపాకుల దాకా ఉండొచ్చు, 2019 సవరణతో రెండుకు తగ్గించారు, అదే సవరణలో లైసెన్స్ గడువును మూడేళ్ళ నుంచి ఐదేళ్ళు చేశారు.

కోట్ల ఆస్తి ఉంటేనే ఇస్తారని అందరూ అంటారు కదా, అది తప్పు. సరిపడా ఆస్తి లేదన్న ఒక్క కారణంతో లైసెన్స్ నిరాకరించకూడదని చట్టం 14వ సెక్షన్‌లోనే ఉంది. అసలు చూసేది మీ అవసరం నిజమా కాదా అని. మా నాన్న అడిగినప్పుడు బంక్ చుట్టూ పొలాలే, రాత్రి పూట లారీలు తప్ప మనిషి కనిపించేవాడు కాదు. సెలవు రోజుల్లో బ్యాంకు ఉండదు, రెండ్రోజుల కలెక్షన్ గోనెసంచిలో కట్టి సోమవారం పొద్దున స్కూటర్ మీద ఆయనే తీసుకెళ్ళేవాడు. దారిలో ఒకసారి వెంటపడ్డారు కూడా, ఆ ఫిర్యాదు కాపీ అప్లికేషన్‌కు జత చేశాడు. మీ విషయంలో కూడా షాపు లైసెన్స్, జీఎస్టీ, ఐటీ రిటర్నులు, ఏదైనా బెదిరింపు వస్తే స్టేషన్‌లో ఇచ్చిన ఫిర్యాదు, ఇవన్నీ దగ్గర పెట్టుకోండి. పక్క వీధిలో దొంగతనం అన్న ఒక్కటే చెబితే నిలబడడం కష్టం.

అప్లికేషన్ ఆన్‌లైన్‌లోనే పెట్టాలి. ఒళ్ళూ మనసూ బాగున్నాయని డాక్టర్ సర్టిఫికెట్, ఇంట్లో భద్రంగా దాచే ఏర్పాటు ఉందని హామీపత్రం, తుపాకీ వాడకంలో శిక్షణ తీసుకున్నట్టు సర్టిఫికెట్ కావాలి. ఆ తర్వాత స్టేషన్ నుంచి ఎంక్వైరీకి వస్తారు. నా ఎంక్వైరీకి వచ్చిన ఎస్ఐ ముందు పక్కింటివాళ్ళతో మాట్లాడాడు, ఇంట్లో గొడవలేమైనా ఉంటాయా, ఎవరైనా తాగుతారా అని అడిగాడట. తర్వాత లోపలికి వచ్చి బీరువా ఎక్కడుందో, తాళం ఎవరి దగ్గరుంటుందో, పిల్లలు ఎన్నో క్లాసో అడిగాడు. "మీకెందుకమ్మా, మీ ఆయన పేరు మీద పెట్టుకోండి" అని కూడా అన్నాడు. బంక్ నా పేరు మీద ఉంది, డబ్బు తీసుకెళ్ళేది నేను, వారసురాలిని నేను అని చెప్పి కాగితాలు ముందు పెట్టాను. ఆడవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే గుర్తు పెట్టుకోండి, చట్టంలో ఎక్కడా ఆ తేడా లేదు. ఫైలు స్టేషన్ నుంచి పైకి మెట్టు మెట్టుగా వెళ్ళి రావడానికి నెలలు పడుతుంది, ఓపిక కావాలి.

ఇంట్లో పెద్దవాళ్ళ తుపాకీ ఉన్నవాళ్ళకు ఒక మాట. లైసెన్స్ ఉన్న మనిషి పోతే, ఆ క్షణం నుంచి ఆ తుపాకీ ఇంట్లో ఉండడానికి ఎవరికీ అనుమతి లేదు. ఆలస్యం చేయకుండా స్టేషన్‌లోనో లైసెన్స్ ఉన్న డీలర్ దగ్గరో అప్పగించి రసీదు తీసుకోవాలి. మా బాబాయి "పెద్దకర్మ కానివ్వమ్మా, ఎవరడుగుతారు" అన్నాడు. నేను ఆగలేదు, దుఃఖంలోనే డీలర్ దగ్గరికి వెళ్ళి ఇచ్చి వచ్చాను. ఆ డీలర్ రివాల్వర్‌ను నడిమికి విరిచి తెరిచి, గుండ్లు పెట్టే ఆరు గదులూ ఖాళీయేనని వెలుతురుకు పెట్టి చూసి, సీరియల్ నంబర్ లైసెన్స్‌లో ఉన్నదానితో ఒక్కో అంకె కలిపి చదివి, గుండ్లు విడిగా లెక్కపెట్టి రిజిస్టర్‌లో రాసుకున్నాడు. వారసుల కింద నేను అప్లై చేసింది ఆ రసీదుతోనే. పెద్దవాళ్ళు బతికుండగానే కూడా బదిలీ చేయొచ్చు, లైసెన్స్‌దారుకు 70 ఏళ్ళు నిండినా, ఆ ఆయుధం 25 ఏళ్ళు ఉంచుకున్నా తను చెప్పిన వారసుడికి ఇవ్వొచ్చని 2016 నియమాల్లో ఉంది. ఇంట్లో ముసలాయన మంచం పట్టేదాకా ఆగకండి.

ఇక మీరు అసలు అడిగింది, వెంట పెట్టుకుని తిరగడం. దాచుకుని తిరగడానికి ఇక్కడ విడిగా పర్మిట్ అంటూ లేదు, ఎందుకంటే బయటికి తీసుకెళ్తే దాచే తీసుకెళ్ళాలి. రివాల్వర్ హోల్‌స్టర్‌లో, అంటే తుపాకీ ఒరలో, ఒంటికి కట్టి ఉండాలి, లేదా దానికి తగిన బ్యాగులో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, ఎప్పుడూ మీ అదుపులో ఉండాలి. అందరికీ కనిపించేలా నడుముకు పెట్టుకుని టీ కొట్టు దగ్గర నిలబడడం నియమానికి విరుద్ధం. లైసెన్స్ షరతుల్లో ఇంకొన్ని ఉంటాయి, జాతరకు, ఊరేగింపుకు, సభకు, స్కూలు కాలేజీ ఆవరణకు తీసుకెళ్ళకూడదు. అంటే బోనాలకు కాదు, నిమజ్జనానికి కాదు, పిల్లాడి పేరెంట్స్ మీటింగ్‌కు కాదు. లైసెన్స్ తెలంగాణ వరకే అని ఉంటే కోదాడ దాటి విజయవాడ వైపు వెళ్ళేటప్పుడు ఇంట్లో పెట్టి వెళ్ళాల్సిందే. శంషాబాద్‌లో విమానం ఎక్కేటప్పుడు చేతి బ్యాగు అడుగున ఒక్క గుండు మిగిలిపోయినా స్కానర్‌లో పట్టేస్తారు, ఇక ఆ రోజు ప్రయాణం కాదు, పోలీస్ స్టేషనే.

ఒంటి మీద దాని బరువు ఎలా ఉంటుందో కూడా చెప్పాలి. మాది ఖాళీగానే సుమారు 700 గ్రాములు. నేను వదులు కుర్తా కింద గట్టి బెల్టుకు హోల్‌స్టర్ పెట్టుకుంటాను. కారులో సీటు బెల్టు సరిగ్గా దాని మీదే వచ్చి ఒత్తుతుంది. దారిలో ఎక్కడా ఆగను, టిఫిన్‌కు కూడా, ఎందుకంటే జనంలో ఎవరైనా తగిలితే చేయి అటే పోతుంది. బంక్, బ్యాంకు, ఇల్లు, అంతే. ఇంటికి రాగానే గుండ్లు తీసి వేరే అరలో, రివాల్వర్ లాకర్‌లో, తాళం నా దగ్గరే. కోపంగా ఉన్న రోజు, ఒంట్లో బాగాలేని రోజు అసలు తీయను. ఇదంతా చేయగలను అనుకుంటేనే అడగండి.

ఎన్నికలు వచ్చాయంటే ఇంకో పని. నోటిఫికేషన్ రాగానే ఆయుధాలు డిపాజిట్ చేయమని ఆదేశం వస్తుంది, 2023 అసెంబ్లీకి ఇచ్చాం, 2024 లోక్‌సభకు మళ్ళీ ఇచ్చాం. బ్యాంకుల గార్డుల లాంటివాళ్ళకు మినహాయింపు ఉంటుంది కానీ మాకు దొరకలేదు. స్టేషన్‌లో ఒక గదిలో తుపాకులన్నిటికీ అట్టముక్క మీద పేరు, నంబర్ రాసి పురికొసతో కట్టి పెడతారు. అన్ని వారాలు మీ ధైర్యం ఆ గదిలోనే ఉంటుంది, మరి అప్పుడు షాపుకు ఏం ఏర్పాటు చేస్తారో ఇప్పుడే ఆలోచించుకోండి.

ఇక పేల్చడం గురించి. ఆత్మరక్షణ హక్కు భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 వరకు సెక్షన్లలో ఉంది. అవసరానికి మించి హాని చేస్తే ఆ హక్కు మిమ్మల్ని కాపాడదు. నగలు పట్టుకుని పారిపోతున్న దొంగ వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే కోర్టు ఒప్పుకుంటుందని అనుకోకండి. పెళ్ళి బరాత్‌లో సరదాకు గాల్లోకి పేల్చినా 2019 నుంచి రెండేళ్ళ దాకా జైలు, లేదా లక్ష దాకా జరిమానా, లేదా రెండూ. లైసెన్స్ ఆలస్యమవుతోందని ఎవరైనా తపంచా (నాటు తుపాకీ) ఇప్పిస్తానంటే అతని ఫోన్ ఎత్తడం మానేయండి. లైసెన్స్ లేని తుపాకీ దగ్గరుంటేనే కనీసం రెండేళ్ళ జైలు, ఐదేళ్ళ దాకా పడొచ్చు.

నా సొంత అభిప్రాయం అడిగితే, యూపీఐ వచ్చాక మా బంక్‌లో నోట్ల కట్టలు చాలా తగ్గిపోయాయి, రివాల్వర్ బయటికి తీసే రోజులూ తగ్గాయి. ఆ అవసరం పూర్తిగా పోయిన రోజు సరెండర్ చేసేస్తాను, మా పిల్లల పేరు మీదికి మార్చే ఉద్దేశం లేదు. మీది బంగారం, దాన్ని యూపీఐ మార్చలేదు, అది నాకు తెలుసు. అయినా రాత్రి సరుకు స్ట్రాంగ్‌రూమ్‌లో పెట్టి చేతులూపుకుంటూ ఇంటికి వెళ్ళేలా చూసుకుంటే దారిలో మీ వెంట పడడానికి దొంగకు కారణం ఉండదు. సరుకుకు ఇన్సూరెన్స్, స్టేషన్‌కు కనెక్ట్ అయిన సీసీ కెమెరాలు, లోపలి నుంచి నొక్కే అలారం, ఇవి ముందు చేయండి. తుపాకీ మీద ఇష్టమే అయితే 4.5 ఎంఎం ఎయిర్ పిస్టల్ ఉంది, 20 జౌళ్ళ లోపు శక్తి ఉన్నదానికి లైసెన్స్ అక్కర్లేదు. గగన్ నారంగ్, ఈషా సింగ్ లాంటి షూటర్లు వచ్చిన ఊరు మనది, నేర్పేవాళ్ళకు కొదవ లేదు.

అన్నీ ఆలోచించాక కూడా కావాలనుకుంటే ముందు శిక్షణకు చేరండి, ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చేలోపు మిగతా కాగితాలు కూడబెట్టుకోవచ్చు. కాదన్నారనుకోండి, నోటిమాటతో వెనక్కి రాకండి, కారణాలు రాసిన ఆర్డర్ కాపీ అడగండి. దాని మీద 18వ సెక్షన్ కింద అప్పీలు చేసుకునే వీలుంది, దానికి గడువు ఉంటుంది కాబట్టి కాపీ వచ్చిన రోజే లాయర్‌కు చూపించండి.