వైట్ డ్వార్ఫ్‌ల మీద పరిశోధన చేస్తానంటోంది, సీఎస్‌ఈలో చేర్చేయమంటారా?

ఖమ్మం నుంచి ఒక అమ్మ అడిగారు: పాప ఇంటర్ సెకండియర్ ఎంపీసీ, వైట్ డ్వార్ఫ్‌లూ జంట నక్షత్రాలూ తప్ప వేరే మాట లేదు, వాళ్ళ నాన్నేమో మేనేజ్‌మెంట్ కోటాలో అయినా సీఎస్‌ఈ సీటు తీసుకుందామంటున్నారు, పాప చెప్పే నక్షత్రాల లైన్‌లో అసలు ఉద్యోగాలుంటాయా అని.

అమ్మా, మీ పాప పట్టుకున్నది చాలా గట్టి సబ్జెక్టు. ఇంధనం అయిపోయిన నక్షత్రంలో దాదాపు సూర్యుడంత బరువు భూమి అంత సైజులోకి కుదించుకుపోతే అది వైట్ డ్వార్ఫ్. ఒంటరిగా ఉంటే మెల్లగా చల్లారిపోతుంది. పక్కన ఇంకో నక్షత్రం దగ్గరగా ఉంటేనే అసలు కథ, దాని నుంచి వాయువు లాక్కుని పైపొర పేలుతుంది, టీ కరోనే బొరియాలిస్ అనే జంట నక్షత్రం అలా 1866లో ఒకసారి, 1946లో ఒకసారి పేలింది. బరువు సూర్యుడికి 1.4 రెట్ల దగ్గరికి చేరితే నక్షత్రం మొత్తమే పేలిపోవచ్చు. ఆ పరిమితి లెక్క కట్టింది మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో చదివిన శాస్త్రవేత్త చంద్రశేఖర్. మన దగ్గర కూడా ఉస్మానియా వాళ్ళు హైదరాబాద్ దగ్గర జపాల్-రంగాపూర్‌లో 48 అంగుళాల టెలిస్కోప్‌తో జంట నక్షత్రాల మీద ఏళ్ల తరబడి పని చేశారు.

ఇక మీ ఇంట్లో గొడవ సంగతి. ఆస్ట్రానమీ అంటే రాత్రంతా టెలిస్కోప్‌లో చూస్తూ కూర్చోవడం అనుకుంటారు చాలామంది, కానీ పనిలో ఎక్కువ భాగం లాప్‌టాప్ ముందే జరుగుతుంది. 7 నిమిషాలకోసారి ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే వైట్ డ్వార్ఫ్‌ల జంట 2019లో బయటపడింది, కనిపెట్టిన కెవిన్ బర్డ్జ్ అప్పటికి పీహెచ్‌డీ విద్యార్థి, అమెరికాలోని పాలోమార్ అబ్జర్వేటరీ ఆకాశ సర్వే డేటాని ప్రోగ్రామ్‌తో జల్లెడ పడితే దొరికింది. కాబట్టి పాప ఏ దారిలో వెళ్ళినా కోడింగ్ తప్పదు, నేర్చుకున్నది వృథా కూడా పోదు.

పరీక్షలయ్యాక పైథాన్ కొంచెం నేర్చుకోమనండి. నాసా వాళ్ళ టెస్ అనే అంతరిక్ష టెలిస్కోప్ డేటా ఫ్రీగా దొరుకుతుంది, అందులో ఒకదానికొకటి అడ్డొచ్చి గ్రహణాలు పట్టే ఒక జంట నక్షత్రాన్ని తీసుకుని, ఏ టైమ్‌కి వెలుగు ఎంత ఉందో గ్రాఫ్ గీసి, పీరియడ్, అంటే ఒక చుట్టుకి పట్టే టైమ్, తనే వెతకాలి. సరైన పీరియడ్‌తో గ్రాఫ్‌ని మడిస్తే, అంటే అన్ని చుట్లనీ ఒకదాని మీద ఒకటి పేరిస్తే, చుక్కలన్నీ ఒకే గీత మీదికి వచ్చి గ్రహణం దగ్గర లోతుగా గుంత కనిపిస్తుంది, పీరియడ్ కాస్త తేడా వచ్చినా మొత్తం చెదిరిపోతుంది. ఆ చెదిరిన చుక్కలతో గంటలు గంటలు కుస్తీ పట్టి కూడా ఇంకోటి చేస్తానంటే, అమ్మాయిని ఆపకండి. బోర్ కొట్టి వదిలేస్తే తనకి నచ్చింది నక్షత్రాల ఫొటోలే అనుకోవాలి, అప్పుడు సీఎస్‌ఈ గురించి ప్రశాంతంగా మాట్లాడుకోవచ్చు.

నచ్చితే మాత్రం మొదట చూడాల్సింది ఐసర్‌లు, అంటే కేంద్ర ప్రభుత్వ సైన్స్ విద్యాసంస్థలు, తిరుపతిలోనే ఒకటి ఉంది. ప్రవేశానికి ఐఏటీ అనే పరీక్ష రాయాలి. 60 ప్రశ్నల్లో 15 బయాలజీవి, తప్పు రాస్తే మైనస్ మార్కులు, మన ఎంపీసీ పిల్లలు దెబ్బతినేది అక్కడే. సీటు రాకపోతే మంచి కాలేజీలో బీఎస్సీ ఫిజిక్స్ చేసి జామ్ అనే ప్రవేశ పరీక్ష రాసి ఎంఎస్సీకి వెళ్ళొచ్చు, బీటెక్ చేసినా జెస్ట్ అనే పరీక్ష రాసి పీహెచ్‌డీకి పోయే దారి కొన్ని సంస్థల్లో ఉంది. బెంగళూరులో ఐఐఏ, పుణెలో ఐయూకా లాంటి ఖగోళ పరిశోధన సంస్థల్లో ఈ పరిశోధన జరుగుతుంది.

వాళ్ళ నాన్నగారి టెన్షన్ న్యాయమైనదే. డిగ్రీ, పీహెచ్‌డీ కలిపి పదేళ్ళు దాటుతుంది, ఆ తర్వాత పోస్ట్‌డాక్‌లు, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధన పోస్టులు, పర్మనెంట్ పోస్టులు చాలా తక్కువ. పీహెచ్‌డీలో చేతి ఖర్చుకి ఇబ్బంది ఉండదు, జేఆర్‌ఎఫ్ అనే ఫెలోషిప్ 2023 నుంచి నెలకి 37,000, హెచ్‌ఆర్‌ఏ అదనం. పోస్టు దొరకనివాళ్ళలో చాలామంది డేటా సైన్స్‌లోకి వెళ్తున్నారు, జీతాలూ బాగానే ఉంటున్నాయి. ఇవన్నీ దాచకుండా పాపకి చెప్పండి, పదిహేడేళ్ళ పిల్లకి అర్థమవుతాయి.

మేనేజ్‌మెంట్ సీటుకి మాత్రం ఇప్పుడే డబ్బు కట్టకండి, ఐఏటీ ఫలితం రానివ్వండి. దరఖాస్తు గడువు వెబ్‌సైట్‌లో చూసుకోండి, ఇంటర్ బయాలజీ పుస్తకాలు ఈ వారమే తెప్పించండి.