ఉచిత సాఫ్ట్‌వేర్ మీద పుస్తకం రాసి అమ్ముకుంటే తప్పా?

ప్రశ్న: ఒక ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో నేర్పుతూ ఏడాది కష్టపడి పుస్తకం రాశాను. బాగానే అమ్ముడవుతోంది. జీతం లేకుండా ఆ సాఫ్ట్‌వేర్‌కు పనిచేసేవాళ్లలో ఒకరు, 'మేం ఉచితంగా ఇచ్చినదాంతో మీరు డబ్బు చేసుకోవడం ఏం న్యాయం?' అని ఉత్తరం రాశారు. ఇన్‌స్టలేషన్ అధ్యాయం మాత్రం వాళ్ల మాన్యువల్ నుంచి కొద్దిగా మార్చి తీసుకున్నాను. కవర్ మీద వాళ్ల లోగో కూడా వేశాను. కేసు వేస్తారేమోనని టెన్షన్‌గా ఉంది. లాభంలో వాటా ఇవ్వాలా?

జవాబు: వాటా ఇవ్వక్కర్లేదు. సగం టెన్షన్ ఇక్కడే దించేసుకోండి. కాపీరైట్ కాపాడేది రాసిన మాటల్నీ కోడ్‌నూ. ఆ సాఫ్ట్‌వేర్ పనిచేసే తీరు దాని కిందికి రాదు. మేధోహక్కులపై దేశాలు చేసుకున్న ట్రిప్స్ ఒప్పందంలో 9వ అధికరణం ఈ సంగతే చెబుతుంది. ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో మీ సొంత మాటల్లో రాసి అమ్ముకోవడానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. డబ్బు ముట్టుకుంటే మైల అనే భావన ఉచిత సాఫ్ట్‌వేర్ ఉద్యమం మొదలుపెట్టినవాళ్లకే లేదు. దానికి ఆద్యుడైన రిచర్డ్ స్టాల్‌మన్ 1985లో ఈమాక్స్ అనే తన ఎడిటర్ ప్రోగ్రాం టేపును 150 డాలర్లకు అమ్మారు.

మిగతా సగం టెన్షన్‌కు మాత్రం కారణం ఉంది. 'కొద్దిగా మార్చి' అని మీరు తేలిగ్గా రాసేశారు గానీ, చిక్కంతా ఆ అధ్యాయంలోనే ఉంది. సాఫ్ట్‌వేర్ లైసెన్స్ వేరు, మాన్యువల్ లైసెన్స్ వేరు. మాన్యువల్ మొదటి పేజీలోనో చివరి పేజీలోనో చిన్న అక్షరాల్లో ఒక లైన్ ఉంటుంది, వెతకండి. 'సీసీ బై-ఎస్‌ఏ 4.0' (క్రియేటివ్ కామన్స్ లైసెన్స్‌లలో ఒక రకం) అని ఉంటే అమ్ముకోవచ్చు. కాకపోతే వాళ్ల పేరు, లైసెన్స్ వివరం, మీరు మార్పులు చేశారన్న సంగతి అచ్చువేయాలి. మార్చి రాసిన ఆ భాగాన్ని అదే లైసెన్స్ కింద ఇవ్వాలి. 'ఎన్‌సీ' (నాన్‌కమర్షియల్, అంటే వ్యాపారానికి కాదు) అన్న అక్షరాలు కనిపిస్తే, విడిగా అనుమతి తీసుకోనిదే అమ్మే పుస్తకంలో పెట్టకూడదు. అసలు ఏ లైనూ లేకపోతే సర్వహక్కులూ వాళ్లవే అనుకోండి. అప్పుడు అధ్యాయాన్ని మొదటి నుంచి మీరే తిరగరాయడం మంచిది.

సీసీ లైసెన్స్ 4.0లో ఒక వెసులుబాటు ఉంది. తప్పు తెలిసిన 30 రోజుల్లోగా దిద్దుకుంటే, షరతులు పాటించనందుకు పోయిన అనుమతి దానంతటదే తిరిగివస్తుంది. ఉత్తరం అందిన రోజు నుంచే లెక్కపెట్టుకోండి. అయితే ఈలోపు అమ్మిన ప్రతులకు పరిహారం అడిగే హక్కు వాళ్లకు అలాగే ఉంటుంది.

లోగో తీసేయండి. పుస్తకం దేని గురించో చెప్పడానికి పేరు వాడుకోవచ్చు. లోగో చూస్తే వాళ్లే వేసిన పుస్తకం అనుకుంటారు, అది ట్రేడ్‌మార్క్ తగాదా. లినక్స్ అన్న మాట కూడా దాన్ని సృష్టించిన లైనస్ టోర్వాల్డ్స్ ట్రేడ్‌మార్కే.

ఇక ఉత్తరం రాసినాయన అడిగిన న్యాయం సంగతి. నేను చూసినంతలో ఇలాంటి కోపం ఒట్టి డబ్బు గురించి కాదు. పుస్తకంలో పాత వెర్షన్ కమాండ్ ఉంటుంది, అది పనిచేయదు, కొన్నవాడు వెళ్లి ఆ జీతంలేని మనిషినే నిలదీస్తాడు. అందుకని పుస్తకం ఏ వెర్షన్‌కో మొదటి పేజీలోనే వేయండి. రాస్తున్నప్పుడు మాన్యువల్‌లో మీకు దొరికిన తప్పులుంటాయి కదా, అవి వాళ్లకు పంపండి.

జవాబు మీరే రాయండి, లాయర్ నోటీసు వద్దు. లైసెన్స్ చూడకముందే 'తప్పు చేశాను' అని మాత్రం రాయకండి. 'సరిచూసుకుంటున్నాను, ఫలానా తేదీలోగా దిద్దుతాను' అంటే చాలు. మాన్యువల్ హక్కులు ఆయనవా, ఇంకెవరివైనానా అన్నది కూడా అందులోనే అడగండి.